కాలు విరిగిన నలభై ఒకటి

ఫ్యాక్టరీ క్వార్టర్లు,
22వ ఇల్లు,
మార్చి 6

దొరసానీ,

రేడియోలో విన్నాను. నేనొక్కదాన్నే కాదు, టీ టైములో మా తనిఖీ విభాగం మొత్తం విన్నది. విదేశాంగ మంత్రి సభలో లేచి, "సముద్రం అవతల జరుగుతున్న ఘటనలను ప్రభుత్వం గమనిస్తోంది. మన దేశంలో తయారైన పరికరాలను అక్కడి ప్రజల మీద ప్రయోగించినట్టు ఎలాంటి ఆధారమూ లేదు" అన్నాడు. అన్నది ఆయనే అయినా రాసింది నువ్వేనని నాకు తెలిసిపోయింది. "ఎలాంటి ఆధారమూ" అనగానే నా కళ్ళముందు నువ్వే కనబడ్డావు. చిన్నప్పుడు చక్కెర డబ్బా దగ్గర దొరికిపోయినప్పుడు కూడా "నేను ఎలాంటి చక్కెరా తినలేదు" అనేదానివి, మూతి నిండా చక్కెర పెట్టుకుని.

పక్క బల్ల నలభై రెండుతో చెప్పాను, ఆ జవాబు రాసింది మా చెల్లెలేనని. తెలుసుగా, మా విభాగంలో ఎవరినీ పేరుతో పిలవరు, ముద్ర నంబరే పేరు. నలభై రెండు నమ్మలేదు. "మంత్రి మాటలు మంత్రే రాసుకోడా?" అంది. "మీ ఆయన చొక్కా ఆయనే ఉతుక్కుంటున్నాడా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పూట నా బల్ల దగ్గరికి వచ్చి పలకరించని వాళ్ళు లేరు. చీఫ్ ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి, "మీ చెల్లెలు మన ఫ్యాక్టరీ పరువు నిలబెట్టింది" అన్నాడు. మనం చేసే టియర్ గ్యాసు గుండ్లలో సగం ఆ దేశానికే పోతాయి కాబట్టి ఆయన సంతోషం ఆయనది.

నా సంతోషం వేరు. అమ్మా నాన్నా పోయిన ఏడాది నీకు ఎనిమిదేళ్ళు. ఈ పిల్లని ఎలా ఒడ్డున పడేస్తానా అని ఏడ్చినదాన్ని. ఇవాళ దేశం మాట నువ్వు రాస్తున్నావు. మీ బావ మామూలుగా ఏదీ మెచ్చుకోడు, రాత్రి ఇంట్లో మళ్ళీ వార్తలు విని రేడియో కట్టేస్తూ "బాగుంది" అన్నాడు. ఆ మనిషికి అది ఉపన్యాసం కిందే లెక్క.

ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప నీ నోట మాట రాదు. ఉత్తరం రాయి.

అక్క


రాజధాని,
మార్చి 15

అక్కా,

మూతి తుడుచుకునే రాస్తున్నాను. నిజమే, రాసింది నేనే. కానీ నా ఒక్కదాని గొప్పేం లేదు. నేను రాసిన నాలుగు వాక్యాల మీద ఆరుగురు సంతకం పెట్టారు. అందరికంటే పైన మా కామాగారు. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఒక్క కామా కోసం అరగంట ఆలోచిస్తాడు. పెడతాడు, తీసేస్తాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెడతాడు. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ మనిషంటే గౌరవం. ఒక మాట జారితే రెండు దేశాలు తగువులాడుకుంటాయని ఆయన భయం.

మా దగ్గర మాటలకు మెట్లుంటాయక్కా. మొదటి మెట్టు "గమనిస్తున్నాం". రెండోది "ఆందోళన". మూడోది "తీవ్ర ఆందోళన". నాలుగోది "ఖండిస్తున్నాం". ఐదో మెట్టులో మాటలుండవు. ఆ దేశపు రాయబారిని పిలిపించి, కూర్చోబెట్టి, టీ ఇవ్వరు. మనం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం, ఎందుకంటే పై మెట్టు ఎక్కాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆ దేశం మన గుండ్లు కొనేటప్పుడు, శాంతంగా కూడిన జనం మీద వాడబోమని రాసిచ్చింది. వాడిందని అక్కడి మనుషులు అంటున్నారు, లేదని అక్కడి ప్రభుత్వం అంటోంది. పొగ ఏ దేశానిదో చూసి చెప్పలేం కదా.

గర్వంగానే ఉందక్కా. దాచను. మంత్రి నా వాక్యం చదువుతుంటే పైన గ్యాలరీలో కూర్చుని పెదవులు కదిపాను.

నా బల్ల మీద పెన్నులు ఇప్పటికీ హాస్టలు రోజుల రేకు డబ్బాలోనే ఉన్నాయి. "ఈ తుప్పు డబ్బా ప్రభుత్వ ఆస్తా?" అని కామాగారు అడిగాడు. సొంత ఆస్తి అన్నాను.

బావకి చెప్పు, ఆ ఒక్క మాట నాకు చాలని.

నీ చెల్లెలు


రాజధాని,
మే 2

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. క్షేమమే. ఒక చిన్న సంగతి. నీ ముద్ర ఇప్పటికీ ఆ పాతదేనా? మధ్యలో మార్చారా? ఎప్పుడైనా సెలవు పెడితే నీ ముద్రతో ఇంకెవరైనా కొడతారా? అలాంటిదే మరొకటి ఫ్యాక్టరీలో ఉండే అవకాశం ఉందా?

ఊరికే అడుగుతున్నాను. తొందరగా రాయి.

చెల్లెలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
మే 9

దొరసానీ,

ఊరికే అడిగేదానివి "తొందరగా రాయి" అంటావా? ఏదో పత్రికకి రాస్తున్నావులే, "మా అక్క ముద్ర" అని. రాయి, రాయి. నా ఫోటో కావాలంటే మాత్రం ముందే చెప్పు, జుట్టుకి రంగేసుకుంటాను.

విను మరి. మందు నింపకముందు గుండు అంటే ఖాళీ అల్యూమినియం డొప్ప, అంతే. అది నా బల్ల మీదికి వస్తుంది. చుట్టుకొలత చూస్తాను, అంచు అతుకు భూతద్దంలో చూస్తాను, వేలితో లోపల తడుముతాను. బాగుంటే అడుగున ముద్ర పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఒక్కటే, రెండోది కొట్టకూడదు. చిన్న గుండ్రం, లోపల 41. బాగాలేకపోతే ఎర్ర తొట్టిలోకి. ముద్ర పడిందంటే దానికి నేను పూచీ. సాయంత్రం ముద్రని ఉక్కు బీరువాలో పెట్టి తాళం నాకే ఇస్తారు. సెలవు పెడితే నా బల్ల ఖాళీ. ఒకరి ముద్ర మరొకరు ముట్టుకోవడం అంటే మాలో ఒకరి పళ్ళు ఇంకొకరు తోముకోవడం లాంటిది.

ఇరవై మూడేళ్ళలో మార్చలేదు. చేరిన మొదటి వారమే చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడింది, నాలుగుకి కాలు విరిగింది. అడ్డగీత కింద ఏమీ పడదు. చీఫ్ కొత్తది ఇస్తానన్నాడు, వద్దన్నాను. నలభై ఒకటి అంకెలు ఎవరైనా చెక్కించగలరు, నా కుంటి నలభై ఒకటిని ఎవరూ చెయ్యలేరు. లోకంలో ఎక్కడ దొరికినా అది నాదే.

నీకు తెలియనిదా ఇది? నీ రేకు డబ్బా మూత లోపల చూసుకో. హాస్టల్లో నీ వస్తువులన్నీ ఎవరో ఎత్తుకుపోతున్నారని ఏడుస్తూ రాస్తే, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు దొంగతనంగా కొట్టాను. నా సర్వీసులో ఒకే ఒక్క దొంగ ముద్ర అది. ఎవరికీ చెప్పకు.

పత్రిక వచ్చాక ఒక కాపీ నలభై రెండుకి కూడా పంపు. ఏడవనీ.

అక్క


రాజధాని,
మే 21

అక్కా,

పత్రిక లేదు.

ఏప్రిల్ నెలాఖరున ఒక మానవ హక్కుల సంఘం వాళ్ళు మా శాఖకి ఫోటోల కట్ట పంపారు. ఆ దేశంలో ఒక చిన్న ఊరి బడి, ఫిబ్రవరిలో జరిగింది. అరెస్టు చేసిన తోటి టీచర్లని వదిలిపెట్టమని నలభై మంది టీచర్లు బడి ఆవరణలో చాపలేసుకుని కూర్చున్నారు. చేతుల్లో పుస్తకాలు తప్ప ఏమీ లేవు. పోలీసులు గుండ్లని పైకి కాదు, సూటిగా మనుషుల ఎత్తున కాల్చారు. ఇద్దరు చనిపోయారు. ఒక టీచరమ్మకి కన్ను పోయింది. తనకు తగిలిన గుండుని ఆవిడ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. సంఘం వాళ్ళు దాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటో తీశారు.

అడుగు ఫోటోలో చిన్న గుండ్రం ఉంది. లోపల కాలు లేని నాలుగు, పక్కన ఒకటి.

నా గదిలో ఎవరికీ అది ముద్రలా కూడా కనిపించలేదు. గీతలనుకున్నారు. నేను పెన్ను కోసం డబ్బా మూత తీశాను, ఫోటో పక్కన పెట్టి చూశాను, మళ్ళీ మూసేశాను. ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్న ముద్ర. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇంకోటి ఉందేమో, ఎవరైనా నీది తీసుకుని కొట్టారేమో అని నిన్ను అడిగాను. నువ్వు ఎంత సంబరంగా రాశావో చూశాక మూడు రోజులు ఈ ఉత్తరం మొదలుపెట్టలేకపోయాను. చెప్పకుండా నీ చేత చెప్పించుకున్నాను. ఆ తప్పు నాది.

మార్చిలో మంత్రి చేత నేను చెప్పించింది అబద్ధమక్కా. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. వచ్చే బుధవారం కామాగారికి చెప్తాను. నీకు తెలియకుండా చెప్పకూడదని ఆగాను. చెప్పకుండా మాత్రం ఉండలేను.

చెల్లెలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
మే 24

అమ్మాయికి,

అంటే నన్ను అడగడం లేదు, నాకు తెలియజేస్తున్నావు. మంచిది. ప్రభుత్వం వాళ్ళు కదా, నోటీసు ఇచ్చారు.

కత్తి చేసిన కమ్మరి గొంతులు కోసినట్టా? నేను డొప్ప చూశాను, బాగుంది, ముద్ర కొట్టాను. ఎవడో వెధవ దాన్ని మనుషుల మీదికి గురిపెడితే నేనేం చెయ్యను? ఇక్కడ ఆరు వందల మంది పొద్దున్నే ఆ గేటు దాటి లోపలికి వెళ్తేనే సాయంత్రం వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుంది. నువ్వు చదివిన ప్రతి పుస్తకం ఆ గేటులోంచే వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేస్తావా?

ఇరవై మూడేళ్ళు నా ముద్ర చూసుకుని బతికాను. దాన్ని తీసుకెళ్ళి హంతకుల పక్కన పెట్టావు. నేను సంబరంగా రాసిన ఉత్తరాన్ని నువ్వు ఎలా చదివి ఉంటావో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. జుట్టుకి రంగేసుకుంటానని కూడా రాశాను.

మీ బావకి చూపించలేదు. చెప్పుకో. బుధవారమే చెప్పుకో. నన్ను ఏమీ అడగకు.

ఏ కన్ను?


రాజధాని,
మే 30

అక్కా,

ఎడమ కన్ను.

బుధవారం చెప్పాను. కామాగారు ఫోటో చూశాడు, డబ్బా మూత చూశాడు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తుడవలేదు. "మీ అక్కగారికి తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. "ఏమన్నారు?" అన్నాడు. తిట్టిందన్నాను. "తిట్టాలి" అన్నాడు. తరవాత ఫైలు నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. సొంత అక్క విషయం కాబట్టి నేనిక దాన్ని ముట్టుకోకూడదు. నన్ను కింది అంతస్తులో పాస్‌పోర్టు ఫిర్యాదులకి మార్చారు. డబ్బా మాట నీ రహస్యం కాబట్టి బయట ఎవరికీ చెప్పొద్దని కామాగారిని అడిగాను. సరేనన్నాడు.

ఫ్యాక్టరీ యాజమాన్యాన్ని రాతపూర్వకంగా వివరణ అడిగారు. ఆ ముద్ర మాది కాదు, నకిలీ సరుకు చేసేవాళ్ళు ఎవరో కొట్టారు అని వాళ్ళు జవాబిచ్చారట. సభ ఒక విచారణ సంఘం వేస్తోంది. నిన్ను అడగొద్దన్నావు, అడగడం లేదు.

తెప్ప తగలెయ్యలేదక్కా. తెప్ప ఎవరిదో దాచలేకపోయాను, అంతే.

చెల్లెలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
జూన్ 14

చెల్లాయ్,

రెండు వారాలు రాయలేదు. కోపం తగ్గక కాదు, తగ్గిపోతుందేమోనని.

నిన్న సాయంత్రం మేనేజరు ఇంటికి వచ్చాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి. వెనకే చీఫ్. మీ బావ కుర్చీలు వేశాడు, నేను టీ పెట్టాను. మీ ఐదో మెట్టు అప్పటికి గుర్తు రాలేదు. మేనేజరు బాగా మాట్లాడతాడు, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు. నా సర్వీసు, నా క్రమశిక్షణ, నా పెన్షను అన్నీ పొగిడి జేబులోంచి కాయితం తీశాడు. "చిన్న సంతకం. లాంఛనం" అన్నాడు.

చదివాను. 'ఫోటోలో కనిపించే ముద్ర నాది కాదు. అది నకిలీది' అని ఉంది. కింద నా పేరు టైపు కొట్టించి తెచ్చారు.

"ఫోటో ఏదండీ?" అన్నాను.

"ఫోటో ఎందుకమ్మా?"

"చూడకుండా నాది కాదని ఎలా చెప్పను? డొప్ప చూడకుండా ఎప్పుడైనా ముద్ర కొట్టానా?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. మేనేజరు చివరికి ఫోటో తీసి ఇచ్చాడు. నేను లోపలికి వెళ్ళి నా భూతద్దం తెచ్చుకున్నాను. చెల్లాయ్, నువ్వు చెప్పినప్పుడు అది నాదేనని తెలుసు, కానీ తెలియడం వేరు, చూడటం వేరు. అంచు ఎంత చక్కగా వంగిందో. దెబ్బ ఒక్కటే పడింది, నిటారుగా, మధ్యలో. నా చేతి పని. లోకంలో అంత మంచి పని చేసేవాళ్ళు పది మంది కూడా ఉండరు. గుడ్డలో చుట్టిన మరక కూడా ఫోటోలో కనబడుతోంది. నేను భూతద్దం పెట్టి చూసేది ఎడమ కంటితోనే. కుడి కన్ను మూసుకుంటాను. ఆ కన్నుకి నీళ్ళొస్తే పని ఆపేస్తాం, నిబంధన. నిన్న ఆపలేదు.

"ఇది నాదే" అన్నాను.

"తొందరపడకండి. పెద్ద పెద్ద విషయాలివి. ఆరు వందల కుటుంబాలు" అన్నాడు మేనేజరు. నేను నీకు రాసిన మాటే. ఆయన నోట వింటుంటే నాకే రోత పుట్టింది.

"అయ్యా, నా ముద్ర పడిన డొప్ప పగిలితే నేను తప్పు ఒప్పుకున్నాను. రెండుసార్లు. నాది కాదు అనే మాట ఇరవై మూడేళ్ళలో అనలేదు. బాగా చేసిన దాన్ని పట్టుకుని ఇప్పుడు దొంగది అనమంటారా? నకిలీవాడు ఇంత బాగా కొడతాడా?" అన్నాను.

మేనేజరు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగకుండానే వెళ్ళారు. మీ బావ రెండు కప్పులూ తెచ్చి లోపల పెడుతూ, "బాగుంది" అన్నాడు.

ఇవాళ పొద్దున అందరి ముద్రలూ తీసుకున్నారు. కొత్త నమూనా ఇస్తారట. పాతవి కరిగించేశారు. బీరువా తాళం నా చేతిలో ఉంది, లోపల ఏమీ లేదు. బిడ్డని ఎత్తుకుపోయినట్టుంది.

విచారణ సంఘం వాళ్ళని నన్ను పిలవమను. వస్తాను.

అక్క


రాజధాని,
జూన్ 22

అక్కా,

నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. అయిదోసారి ఏడుపొచ్చింది, పాస్‌పోర్టు పోయిందని వచ్చినాయన నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.

సంఘం నిన్ను పిలుస్తుంది. కానీ ఒక చిక్కు. ముద్రలన్నీ కరిగించేశారు. నువ్వు నాదే అంటావు, వాళ్ళు కాదంటారు. మాటకి మాట. గొడవకి ముందే కొట్టిన ముద్ర, ఫ్యాక్టరీ చేతుల్లోకి వెళ్ళనిది ఒకటి కావాలి. ఆ దేశానికి పోయిన సరుకంతా ఆ దేశం దగ్గరే ఉంది, ఇవ్వదు.

నా డబ్బా ఉంది. ఇరవై ఏళ్ళనాటిది.

కానీ అది ఇస్తే, ఫ్యాక్టరీ పనిముట్టుని సొంతానికి వాడావని బయటపడుతుంది. వాళ్ళు నీ మీద విరుచుకుపడతారు. నీ ఒకే ఒక్క దొంగ ముద్ర. ఎవరికీ చెప్పకు అన్నావు. ఈసారి తెలియజేయడం లేదక్కా, అడుగుతున్నాను.

ఇచ్చినా ఇవ్వకపోయినా ఇక విచారణ అయ్యేదాకా మనం రాసుకోకూడదట.

చెల్లెలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
జూన్ 27

ఇచ్చెయ్. పెన్నులు తీసేసి ఇవ్వు, లేకపోతే అవి కూడా పోతాయి.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
ఆగస్టు 12

చెల్లాయ్,

ఇక రాసుకోవచ్చని సంఘం వాళ్ళు కాయితం పంపారు. విచారణ రోజు వరండాలో నువ్వు బెంచీ ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో ఒక గుమాస్తా. సొంత చెల్లెల్ని చూసీ చూడనట్టు కూర్చోవడం ఎంత కష్టమో తెలిసింది. చిక్కిపోయావు. పాస్‌పోర్టుల వాళ్ళు తిండి తిననివ్వరా?

లోపల ఏం జరిగిందో నీకు తెలియదు కదా, చెప్తాను. పొడుగాటి బల్ల, అటు తొమ్మిది మంది. నా కుర్చీ మరీ మెత్తగా ఉంది, కూరుకుపోతున్నాను. లేచి నిలబడే మాట్లాడతానన్నాను. ఫోటో, డబ్బా పక్కపక్కన పెట్టారు. నా భూతద్దం ఇచ్చి అధ్యక్షురాలిని చూడమన్నాను. కుడి కంటితో చూడబోయింది. "ఎడమదానితో చూడండమ్మా, కుడిది మూసుకోండి" అన్నాను. పెద్దావిడ, చెప్పినట్టు చేసింది. ఒక్కొక్కరూ వరసగా అలాగే చూశారు.

ఫ్యాక్టరీ తరఫు లాయరు లేచాడు. "ఫ్యాక్టరీ పనిముట్టుని దొంగతనంగా వాడిన మనిషి మాట నమ్మాలా?" అన్నాడు. "నమ్మండి బాబూ, దొంగతనం కూడా నేనే ఒప్పుకుంటున్నాను కదా" అన్నాను. ఎవరో నవ్వి దగ్గినట్టు నటించారు.

చివర్లో ఒక సభ్యుడు మెల్లగా అడిగాడు. "ఈ సాక్ష్యంతో మీ ఫ్యాక్టరీ మూతపడొచ్చు. ఆలోచించారా?" అని. "ఆలోచించానండీ. నా ముద్ర ఉన్నదంటే ఇది మంచిది, తీసుకోండి అని. కొన్నవాళ్ళు మాటిచ్చి తప్పారు. వాళ్ళకి మళ్ళీ అమ్మితే తెలిసి అమ్మినట్టు. తెలిసి నేను చెడ్డ డొప్ప మీద ముద్ర కొట్టను" అన్నాను.

బయటికి వచ్చేసరికి నువ్వు లేవు. పంపించేశారట. రైల్లో మీ బావ అరటిపళ్ళు ఒలిచి ఇస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ నలభై రెండు నాతో మాట్లాడటం లేదు. ఆమె ఇంట్లో ఇద్దరూ ఫ్యాక్టరీలోనే. తప్పు పట్టను.

అక్క


రాజధాని,
సెప్టెంబరు 3

అక్కా,

రేడియో విన్నావో లేదో, అయినా నా చేత్తో రాయాలని ఉంది.

విచారణ సంఘం నివేదిక వచ్చిన మర్నాడు కామాగారు కింది అంతస్తుకి దిగివచ్చాడు. ఆయన మెట్లు దిగడం ఎవరూ చూడలేదట. "సంఘం తేల్చేసింది కాబట్టి ఇప్పుడు మీకు అభ్యంతరం లేదు. తప్పు రాసిన చెయ్యే దిద్దాలి" అని తెల్లకాయితం నా ముందు పెట్టాడు. నేను ఒక్క మెట్టు కూడా లేకుండా రాశాను. ఆరు సంతకాలూ ఒక్క పూటలో పడ్డాయి. కామాగారు చదివి పెన్ను ఎత్తి, మళ్ళీ దించాడు. ఒక్క కామా మార్చలేదు.

నిన్న మంత్రి సభలో లేచి ఇలా చదివాడు. "మార్చి నెలలో ఈ సభకు నేను చెప్పినది తప్పు. ఆ బడిలో టీచర్ల మీద కాల్చిన గుండ్లు మన దేశంలో తయారైనవి. ఈ నిజం ఆ గుండ్లను తనిఖీ చేసిన కార్మికురాలు స్వయంగా ముందుకు వచ్చి చెప్పడం వల్ల తెలిసింది. సభ ఆమెకు రుణపడి ఉంది." ఆ ఆఖరి రెండు వాక్యాలు నేను రాయలేదక్కా. ఒట్టు. మంత్రిగారి చేతిరాతతో చేర్చినవి.

సభలో రెండు వైపులవాళ్ళూ లేచి నిలబడ్డారు. నేను గ్యాలరీలో ఉన్నాను. ఈసారి పెదవులు కదపలేదు, కదిపితే పెద్దగా ఏడ్చేసేదాన్ని.

ఆ దేశానికి ఎగుమతులు ఆపేశారు. ప్రపంచ సభలో స్వతంత్ర విచారణకి అనుకూలంగా మనం ఓటు వేస్తున్నాం. రాయబారిని పిలిపించారు. టీ ఇవ్వలేదు. ఆయన మంచినీళ్ళు అడిగితే అవి మాత్రం ఇచ్చారు.

ఆ టీచరమ్మ మానవ హక్కుల సంఘం ద్వారా ఒక మాట పంపింది. తన గుండుని జాగ్రత్తగా దాచినందుకు ఫలితం దక్కిందని, ఇక అది ఇంట్లో ఉంచుకోనక్కర్లేదని.

నా డబ్బా మాత్రం తిరిగి రాదట. ఏడో నంబరు సాక్ష్యమని చీటీ కట్టి అద్దాల బీరువాలో పెట్టారు. పెన్నులు టీ కప్పులో పెట్టుకుంటున్నాను. చిన్నతనం అనుకో, డబ్బా లేకపోతే బల్ల నాది కానట్టుంది.

చెల్లెలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు,
సెప్టెంబరు 15

దొరసానీ,

విన్నాను. క్యాంటీన్లో అందరి మధ్యా విన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంత్రి "రుణపడి ఉంది" అన్నప్పుడు నలభై రెండు లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి రెండు టీలు పట్టుకుని వచ్చి, ఒకటి నా ముందు పెట్టి, "చల్లారిపోతుంది, తాగు" అంది. రెండు నెలల తరవాత మొదటి మాట.

గ్యాసు గుండ్ల లైను ఆపేశారు. సగం మందిమి మూడు నెలలు ఇంట్లోనే. తరవాత అదే డొప్ప యంత్రాల మీద మంటలార్పే సిలిండర్లు చేస్తారట, మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో ఇప్పుడు వాళ్ళకి తెలుసు. రోజులు కష్టంగానే ఉంటాయి, నీకు అబద్ధం చెప్పను. నాకు మెమో కూడా ఇచ్చారు, 'ఇరవై ఏళ్ళ క్రితం ఫ్యాక్టరీ పనిముట్టును సొంత అవసరానికి వాడినందుకు' అని. మీ బావ దానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. కట్టించి మళ్ళీ అదే మాట. "బాగుంది."

నిన్న చీఫ్ పిలిచి, సిలిండర్ల మీద కొట్టడానికి కొత్త ముద్ర ఏ నంబరు కావాలో అడిగాడు. నలభై ఒకటే అన్నాను. ఇచ్చాడు. తళతళలాడుతోంది, నాలుగుకి రెండు కాళ్ళున్నంత ఠీవి. ఇంటికి వస్తూ దాన్ని సిమెంటు నేల మీద పడేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. పడెయ్యలేదులే. దాని కాలు అదే విరగ్గొట్టుకుంటుంది.

డబ్బా పోయిందని దిగులు పడకు. డబ్బా పోకూడదని కాదు నేనా ముద్ర కొట్టింది. నీకు పదకొండేళ్ళు, ఒక్కదానివే అంత పెద్ద ఊళ్ళో ఉన్నావు. ఎక్కడ తప్పిపోతావోనని కొట్టాను.

తప్పిపోలేదు.

నలభై ఒకటి